అమెరికా నటీమణి అసలు వయసు

సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో మా పక్క ఫ్లాట్ ఆంటీకి ఎనభై నాలుగేళ్లు. ఆవిడ అందరినీ "లవ్" అనే పిలుస్తుంది. మేము దిగిన కొత్తలో నన్నలా పిలిచినప్పుడు మా ఆవిడ చూసిన చూపుకి మెట్ల దగ్గరున్న మొక్క వారం తిరక్కుండా మాడిపోయింది. తర్వాత మా ఆవిడనీ అలాగే పిలిచేసరికి కేసు కొట్టేశారు.

ఆ ఆంటీ ఒక సోమవారం సాయంత్రం టోపీల పెట్టె మోసుకుంటూ మా గుమ్మంలో నిలబడింది. ఆ పెట్టెలో ఇద్దరు పిల్లలున్న కుటుంబం అద్దెకుండొచ్చు.

"లవ్, నువ్వు రైటర్‌వి కదా," అంది.

తెలుగు సంఘం సావనీరుకి ఏడాదికో హాస్యవ్యాసం రాసేవాణ్ణి. కాదనడానికి నోరు రాలేదు.

సంగతేమిటంటే, ఆవిడ అమ్మమ్మ నూట ఇరవయ్యేళ్ల కిందట అమెరికాలో రంగస్థల నటి. నాటక కంపెనీతో ఓడెక్కి సిడ్నీ వచ్చి, ఇక్కడి పళ్ల డాక్టరుని పెళ్లాడి ఉండిపోయింది. ముందు ఆయన, తర్వాత ఆవిడ పోయారు. ఇద్దరిదీ ఒకే సమాధి. రాతి మీద ఆయన పేరూ పుట్టిన సంవత్సరమూ చెక్కి, వాటి కింద ఆవిడకి చోటు వదిలారు కానీ, ఏ సంవత్సరంలో పుట్టిందో ఇంట్లో ఎవరికీ తేలక అది ఖాళీగానే ఉండిపోయింది. ఇప్పుడు ఆంటీ ఏజ్డ్ కేర్ హోముకి మారిపోతోంది. ఈలోగా అమ్మమ్మ పేరు చెక్కించాలి. రాయి చెక్కే ఆయనకి శుక్రవారం లోపల సంవత్సరం చెప్పాలి.

"అబద్ధం మాత్రం వద్దు లవ్. కాగితమైతే చింపేయొచ్చు. ఇది రాయి."

పెట్టె నిండా పేపరు కత్తిరింపులు. బుధవారానికి నా మతి పోయింది. బోస్టన్ పేపర్లో ఆ అమ్మమ్మకి ఇరవై నాలుగు. రెండేళ్ల తర్వాత చికాగో పేపర్లో ఇరవై మూడు. సిడ్నీలో ఓడ దిగేసరికి ఇరవై ఒకటి. ఇంకో పది ఊళ్లు తిరిగుంటే ఉయ్యాల్లో వేయాల్సొచ్చేది. తండ్రి ఒకచోట జడ్జి, ఒకచోట బిషప్పు, మరోచోట ఆవిడ పుట్టడానికి మూడేళ్ల ముందే యుద్ధంలో పోయిన వీరుడు. కొత్త నాటకం మొదలయ్యే ప్రతి ఊళ్లోనూ సరిగ్గా ముందు వారమే దొంగలు పడి అదే ముత్యాల హారం ఎత్తుకుపోయారు.

నేను గోరంతని కొండంత చేసే జాతి. ఈవిడ గోరే లేకుండా కొండల వరస లేపింది. ఇందులో ఏది పట్టుకోవాలో తెలియక జుట్టు పీక్కున్నాను. ఉన్నదే నాలుగు వెంట్రుకలు.

"దీనికింత అయోమయం ఏంటండీ," అంది మా ఆవిడ పప్పుకి తాలింపు పెడుతూ. "మీకు మాత్రం రెండు పుట్టినరోజులు లేవా? సర్టిఫికెట్‌దొకటి, అసలుదొకటి."

ఉన్నాయి. మా హెడ్మాస్టారు ఒక్క పూటలో క్లాసు మొత్తాన్నీ జూన్ ఒకటిన పుట్టించేశారు. నా పాస్‌పోర్టుకీ అదే గతి. అప్పుడు తట్టింది. హెడ్మాస్టారి కలం పడకముందు ఎవరి వయసైనా నిజమే. ఈవిడకి నటిగా పేరు రాకముందటి కాగితం దొరికితే చాలు.

పెట్టె అడుగున దొరికింది. ఏదో చిన్న ఊరి నాటకం ప్రోగ్రాం. బాల రాకుమారుడి వేషంలో ఎనిమిదేళ్ల పాప అని ఈవిడ పేరు, పైన సంవత్సరం. రాతి మీది ఆయన సంవత్సరంతో లెక్క వేస్తే ఈవిడ మొగుడి కంటే తొమ్మిదేళ్లు పెద్ద.

గురువారం వెళ్లి చెప్పాను. ఆంటీ కళ్లజోడు తగిలించుకుని ఆ కాగితం చదివింది.

"తాతయ్య ఆవిణ్ణి చివరిదాకా పాపాయీ అనే పిలిచేవాడు. తనకంటే ఐదేళ్లు చిన్నదనుకునే పోయాడు."

"నిజం ఇదే ఆంటీ."

"ఆయన సంవత్సరం పైనే ఉంది లవ్. దాని కింద ఇది చెక్కిస్తే, ఆయన మొహం మీద చెప్పినట్టు కాదూ?"

"అబద్ధం వద్దన్నారుగా."

"అన్నాను. నీ పాస్‌పోర్టులో వయసు నిజమేనా?"

అప్పటికే మా ఆవిడ ఈవిడకి అంతా చెప్పేసిందన్నమాట. "కాదాంటీ," అన్నాను.

"మరి నీ రాయి మీద ఏది వేయిస్తావు?"

"మమ్మల్ని కాల్చేస్తారు. రాయి ఉండదు."

"అదృష్టవంతులు," అంది.

శుక్రవారం పొద్దున నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయి చెక్కే ఆయనకి ఫోన్ చేసింది. అమ్మమ్మని తాతయ్య కంటే ఐదేళ్లు చిన్న చేసే సంవత్సరం చెప్పింది. అవతలాయన ఖాయమేనా అని అడిగినట్టున్నాడు.

"ఖాయమే. పక్కింట్లో రైటర్ ఉన్నాడు. కాగితాలన్నీ చూశాడు," అంది నా వంకే చూస్తూ.

ఇన్నేళ్ల బతుకులో ఒక్కసారి, పిసరు కూడా కలపకుండా, ఒక నిజం కనిపెట్టాను. దానికి నేనే సాక్షి, ఆ అబద్ధానికీ నేనే సాక్షి. ఆవిడ చేసింది తప్పో ఒప్పో నాకిప్పటికీ తేలలేదు. వచ్చేటప్పుడు ఆ ప్రోగ్రాం కాగితం నా చేతిలో పెట్టి, నీ దగ్గరుంచు లవ్ అంది. మూడు వారాలైంది. ఏ సొరుగులో పెట్టినా తప్పుగానే అనిపించి, మళ్లీ తీసి బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి మోస్తున్నాను.