అక్క మోపిన ఎడమ పాదం

డాక్టరు ఫీజులో కూడా సగం కొట్టేయించి బయటపడ్డ మొనగాణ్ణి మొయినాబాద్ బజారు మొత్తంలో నేనొక్కణ్ణేనని చాలా ఏళ్లు చెప్పుకుని తిరిగాను. మొన్న మనవరాలు తడికాళ్లతో మా వరండా గ్రానైట్ మీద పరుగెత్తితే, అడుగులన్నీ ఆరిపోయినా ఒక్క ఎడమ మడమ గుర్తు మాత్రం నల్లగా, ఆరకుండా నిలిచింది. నా ఈడువాళ్లు నవ్వరనే నమ్మకంతో ఇది రాస్తున్నాను.

మాది కిరాణా కుటుంబం. కొత్త దుకాణమైనా, కొత్త సరుకైనా మంచిపాదం ఉన్న మనిషి ముందు అడుగుపెట్టందే మాకు బోణీ లేదు. ఆ పాదం సురంగల్‌లో పూలతోట చేసుకునే మా అక్కది. సాఫ్ట్‌వేర్ వాళ్లు కార్లేసుకుని భూములకు ఎగబడిన రోజుల్లో నేను తక్కెడ వదిలి ప్లాట్ల బేరాల్లో దిగాను. సరిగ్గా అప్పుడే అక్క ఎడమ మడమ కింద మినపగింజంత నల్లమచ్చ కనిపించింది. అరికాలి మచ్చంటే లక్ష్మి వెంట నడిచినట్టేనని మా పెద్దల మాట. ఇంకేం, ఎక్కడ వెంచర్ వేసినా ప్లాట్ల హద్దులకు సున్నం గీతలు పడగానే అక్కను తీసుకెళ్లి అడుగు వేయించేవాణ్ణి. బేరాలు పెరిగినకొద్దీ మచ్చా పెరిగి చింతగింజంత అయింది. తెల్లటి సున్నంలో ఆమె అడుగులన్నీ గాలికి చెదిరేవి. ఎడమ మడమ ఉన్నచోట మాత్రం తడి మిగిలేది. కుక్కలు దాన్ని వాసన చూసి, తోక ముడిచి, చుట్టూ తిరిగి పోయేవి. శుభమనుకున్నాను.

ఒకనాడు ప్లాటు చూడవచ్చిన సాఫ్ట్‌వేర్ ఆవిడ ఆ మచ్చ చూసి జంకి, చర్మం డాక్టరుకు చూపించమంది. ఆమెకు ఆఫీసువాళ్లే ఏటా ఒళ్లంతా పరీక్ష చేయించేవారట. మా అక్క అరికాలిని అన్నాళ్లూ చూసింది మట్టి ఒక్కటే.

"తమ్మీ, జర చూపిద్దామా? పండుకున్నంక గూడ గా కాలు నడుస్తనే ఉన్నట్టు అనిపిస్తున్నదిరా," అంది అక్క.

మెహదీపట్నం బస్సెక్కాం. డాక్టరు గదిలో గోడకు మచ్చల బొమ్మలు వేలాడుతున్నాయి, అన్నీ పాలలాంటి తెల్లటి ఒళ్ల మీదివే. ఆయన కుర్చీలోంచి లేవకుండానే చూశాడు.

"గా చర్మం క్యాన్సర్ తెల్లతోలు వాళ్లకొస్తదమ్మా, మనకు రాదు. ముల్లు విరిగిందేమో. కావాలంటే ముక్క తీసి పరీక్షకు పంపుతా."

'కావాలంటే' అన్నమాట దుకాణదారు చెవిన పడితే ఏమవుతుందో మీకు తెలుసు. రోగమే లేదన్నప్పుడు పరీక్షకు పైసలెందుకని వాదించాను. చెయ్యి పెట్టి చూడనేలేదు కదా అని ఫీజులోనూ సగం తగ్గించాను. అసలు సంగతి వేరు. మోకిల ఊళ్లో ప్లాట్ల బేరానికి ఇంకా బయానా డబ్బు చేతికి ముట్టలేదు. లక్ష్మిని కోయించడానికి చేతులు రాలేదు.

తిరుగుబస్సులో అక్క నవ్వింది. "కోస్తే నీ బేరాలు ఆగిపోతయనా, పిసినారోడా?"

నేను మిగిలిన సగం ఫీజు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాను.

మోకిలలో ఆమె వేసిన అడుగే చివరిది. గజ్జల్లో గడ్డ లేచాక పెద్ద దవాఖానకు పోతే, మనలాంటి నల్లటి ఒళ్లకు ఈ క్యాన్సర్ అరికాళ్లలోనో, గోళ్ల కిందో పుడుతుందనీ, అక్కడ ఎవరూ వెతకరనీ చెప్పారు. మడమ తీసేశారు. అప్పటికే అది పైదాకా నడిచిపోయింది.

ఇప్పుడు మా రోడ్డు పొడవునా చర్మం దవాఖానలే, అన్నీ రంగు తెలుపు చేసేవే. అరికాలు తిప్పి చూసేవారు నాకింకా కనబడలేదు. మనవరాలి పాదం నేనే తిప్పి చూశాను. శుభ్రంగా ఉంది. వరండాలో గుర్తు మాత్రం ఇంకా ఆరలేదు.

లెక్క చెబుతాను. సగం ఫీజు మిగిలింది. పరీక్ష ఖర్చు మిగిలింది. మోకిల కమీషన్ వచ్చింది. అక్క పోయింది. ఇందులో ఒక్క పైసా తగ్గించమని అడగడానికి ఎదుట ఎవరూ లేరు.