గోడకవతలి తీగ

ఈ డిసెంబరు పొద్దున కూడా నేను ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నాయనమ్మ బీరువా పిడి మీద చెయ్యి వేయగానే వేలి కొసన చిటుక్కుమంది. చిక్కడపల్లి ఇంటి నుంచి నాకు మిగిలింది ఈ ఇనప బీరువా ఒక్కటే. తలుపు తీస్తే ఇప్పటికీ కలరా ఉండల వాసన.

తొంభైల మొదట్లో మా ఇంట్లో చలికాలమంటే సకినాల పిండి, వేయించిన నువ్వుల వాసన, పగిలిన పెదాలకు వెన్న, డాబా మీద ఎండ కాచుకోవడం, అశోక్‌నగర్ వైపు నుంచి తెగి వచ్చే పతంగుల కోసం గోడలెక్కడం. ఆ ఏడు వాటికి తోడు నారాయణగూడలో కొన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వచ్చింది. నాయనమ్మ పాలిస్టర్ చీర కట్టుకుని రోజంతా అందులోనే అటూ ఇటూ జరుగుతూ కూర్చునేది. లేచి బీరువా ముట్టుకుందంటే చాలు, షాక్!

అసలే ఆమెకు అనుమానం ఎక్కువ. పాలల్లో నీళ్లను గిన్నె మూత తీయకముందే పట్టేది. బీరువా ఆనించిన గోడకు అవతల మా వెనక గదిలో, పాలమూరు నుంచి కూలి పనికి వచ్చిన బాలమణి, ఆమె మొగుడు కిరాయికి ఉండేవాళ్లు.

“దొంగతీగ గుంజిన్రు. గా కరెంటే బీరువకు తగుల్తున్నది,” అని తేల్చేసింది నాయనమ్మ.

ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెడితే వెలగలేదు. “ఏం లేదమ్మా,” అన్నాడు. “నువ్వొస్తున్నవని తీసేసిన్రు,” అంది. నాకూ అదే నిజమనిపించింది. గూఢచారిలా వెళ్లి వాళ్ల కిటికీలోంచి తొంగి చూసి వచ్చాను.

“మన గోడకే తీగ కొట్టిన్రు నాయనమ్మా!”

తీగ ఉన్నమాట నిజమే. దాని మీద లుంగీ, రవిక ఆరేసి ఉన్నాయని మాత్రం చెప్పలేదు. ఆమె మెచ్చుకోలుగా చూస్తుంటే చెప్పబుద్ధి కాలేదు.

రెండు రోజుల్లో ఖాళీ చేయించింది. సామాను మూట కట్టాక బాలమణి తమ గదిలో ఉన్న ఒక్క బల్బు విప్పుకొచ్చి నాయనమ్మ చేతిలో పెట్టింది.

“మా ఇంట్ల ఉన్న కరెంట్ గింతే అమ్మా. సూస్కో.”

ఆ వారమే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగి ఉంది. నాయనమ్మ కుర్చీలోంచి లేచి బీరువా ముట్టుకుని ఉలిక్కిపడింది. ఫ్యాను వంక చూసింది, గోడ వంక చూసింది.

తర్వాత బడిలో సైన్సు టీచరు దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకున్నాయి. రెండు వస్తువులు రాచుకుంటే ఒకదాని ఎలక్ట్రాన్లు ఇంకోదానికి పోతాయని, పొడి గాలిలో ఆ విద్యుదావేశం ఎటూ పోలేక ఒంటి మీదే నిలిచి, ఇనుము తగలగానే దూకుతుందని, దానికి ఏ తీగా అక్కర్లేదని చెప్పారు. ఇంటికొచ్చి నాయనమ్మకు దువ్వెనతో చేసి చూపించాను.

ఆమె దువ్వెన తీసుకుని తనూ ఒకసారి చేసి చూసింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కవాడిగూడ, దోమలగూడల్లో ఇల్లు కడుతున్న ప్రతి చోటా బాలమణి కోసం అడిగింది. అందరూ ఎరగమన్నారు.

ఇప్పుడు ఆ వెనక గదీ లేదు, ఇల్లూ లేదు. అక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది. బల్బు మాత్రం పాలిస్టర్ చీర మడతలో, బీరువా కింది అరలో ఉంది. “నా అనుమానమే ఆళ్లను ఎల్లగొట్టింది బిడ్డా,” అని నాయనమ్మ పోయేదాకా బాధపడింది. ఆ తీగ మీద బట్టలు ఆరేసి ఉన్నాయని నేను అప్పుడు కూడా చెప్పలేదు.