నూకరత్నం అత్త పడవకి నేను తీసిన ఫోటోలు

వారం దాటింది, నా కోపం ఇంకా చల్లారలేదు. మా వీర్రాజు మావయ్య మీద కోపం, స్టూడియో అమ్మాయి మీద కోపం. అటు తిరిగీ ఇటు తిరిగీ చివరికి నా మీదకే వస్తోంది. అదే అసలు మంట.

మొదలైంది ఆఫీసులో. పక్క సీటాయన టేబుల్ మీద ఇంగ్లీషు మ్యాగజైన్ ఒకటి తిరగేస్తుంటే ఒక ఫోటో కనిపించింది. పేజీ అంతా తెలుపు. కింద మూలన నల్లగా ఒక కొంగ, వేలిగోరంత. అంతే. యానాంలో ఏ గోడ చూసినా ఫ్లెక్సీలూ, ఆరు రంగుల అక్షరాలూనా, ఆ పేజీ చూస్తే చెవుల్లో హారన్లు ఆగిపోయినట్టనిపించింది. ఫోటో అంటే ఇదీ అనుకున్నాను. ఆ నెలలోనే డిజిటల్ కెమెరా కొని, బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టేశాను. ఒక చెంచా, ఒక చెప్పు, దండెం మీద ఒక్క క్లిప్పు. ఇంట్లో మనుషులం కూడా ఉన్నామని మా ఆవిడ గుర్తు చేసింది.

ఇంతలో ఫరంపేట నుంచి మావయ్య కబురు పెట్టాడు. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ పడవల మీద వేటకెళ్ళినవాడు, సొంత పడవ కట్టించుకున్నాడు. పసుపు, ఎరుపు, నీలం తనే వేసి, పక్కన పెద్ద అక్షరాలతో అత్త పేరు రాయించాడు, నూకరత్నం అని. గోదాట్లోకి దించే రోజు ఫోటోలు నువ్వే తియ్యాలిరా సత్తిబాబూ, ఇంకెవర్నీ పిలవను అన్నాడు.

ఆ పొద్దున మంచు పట్టింది. నది, ఆకాశం ఒకటే తెలుపు. ఇంక నేను ఆగలేదు. పడవ ముందు వరసగా నిలబడ్డ చుట్టాలని పక్కకి తప్పుకోమని కసిరాను. ఒక తాడు తీశాను. ఒక తెడ్డు కొస. నీళ్ళలో అత్త నీడ.

ప్రింట్లు పట్టుకెళ్తే మావయ్య ఒక్కొక్కటీ చూసి కింద పెట్టాడు.

"పడవేదిరా?"

"ఇదిగో మావయ్యా, ఈ గీత పడవ అంచు."

పేరున్న ఫోటో అత్త చేతికొచ్చింది. కొత్తగా ఉంటుందని సగమే తీశాను. అందులో "నూక" అని మాత్రమే ఉంది.

"నేను నూకనా?" అంది అత్త. "పట్టుచీర కట్టుకుని నిలబడితే నా నీడ తీశావురా."

కనీసం రంగులన్నా తెప్పించమన్నాడు మావయ్య. కంప్యూటర్‌లో రెండు నిమిషాల పని అని ధీమాగా స్టూడియోకి వెళ్ళాను. కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయి అన్నీ చూసి, "కెమెరాయే రంగు లేకుండా తీసిందండి. లేని రంగులు ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అంది. నీకు పని రాదని ఆ అమ్మాయి మీద అరిచాను. ఆ అమ్మాయి తప్పేం లేదని అరుస్తున్నప్పుడే తెలుసు.

వెళ్ళి సంగతి చెప్పాను. మావయ్య తిడితే బాగుండేది. "మళ్ళీ మొదటిసారి దించలేం గదరా" అని ఊరుకున్నాడు.

ఆ మాట మింగుడు పడక, అన్నిటిలోకీ మంచి ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి ఇచ్చాను. తెల్లటి మంచు, మూలన చిన్న పడవ. ఆ కొంగ ఫోటోకి ఏం తీసిపోదు. నా జన్మకి అంతకన్నా మంచి ఫోటో తియ్యలేను.

రెండ్రోజుల తర్వాత వెళ్తే, అది గోడ మీదే ఉంది. మావయ్య అద్దం ఊడదీసి, పడవకి వెయ్యగా మిగిలిన రంగులన్నీ దాని మీద వేశాడు. పడవ పసుపు, గోదారి నీలం. తెల్లగా ఉన్న చోటల్లా చుట్టాలు నిలబడి ఉన్నారు. పట్టుచీరలో అత్త పడవ కంటే పెద్దగా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ ఖాళీయే ఫోటో మావయ్యా" అని అరిచాను.

"ఖాళీగా ఉందనే గదరా వేశాను" అన్నాడు.

చెప్పులేసుకుని వచ్చేశాను. ఇంక కెమెరా ముట్టుకోనని మా ఆవిడ ముందు ఒట్టేశాను కూడా.

నిన్న ఆఫీసుకి మెట్టకూరు నుంచి ఒకాయన వచ్చాడు. వీర్రాజుగారింట్లో ఫోటో చూశాడట, తన పడవకీ అలాంటిది కావాలట. "మీరు ఏమీ కనబడకుండా తీస్తారంట గదండీ. అలాగే తియ్యండి, రంగులు మేం వేసుకుంటాం" అన్నాడు.

ఇంత కోపంలో ఉన్నవాణ్ణి, ఏమనాలి? ఆదివారం ఎన్నింటికి రమ్మంటారని అడిగాను.