కోరుకొండ మీద ఒక టార్చి లైటు

సందేశాలకు తాళం వేసే అంకెల వరుసను, అంటే రహస్య తాళంచెవిని, ఉపగ్రహం నుంచి వెలుగు కణాలుగా పంపవచ్చు. దారిలో ఎవరు తొంగిచూసినా అది చెడిపోయి, మనకు తెలిసిపోతుంది. నా పరిశోధన ఇదే. దాన్ని అందుకునే చిన్న టెలిస్కోపు నేనే తయారుచేసుకున్నాను. పరీక్షకు మిగిలిన ఒకే ఒక్క అవకాశం మొన్న సాయంత్రం. అది తప్పితే నా థీసిస్ మరో ఏడాది వెనక్కి. ఎత్తు, చీకటి రెండూ కావాలి కనుక కోరుకొండ ఎంచుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి రాజమండ్రిలో దిగాను. ఆటోకు రానూపోనూ, వెయిటింగుతో కలిపి ఎనిమిది వందలు. డ్రైవరు సత్తిబాబు మంచివాడే కానీ ప్రశ్నలతో నా తల తినేశాడు. "పెట్టెలో ఏంటండీ, డ్రోనా అండి?" టెలిస్కోపని చెబితే, "జాతకాలు చూస్తారాండి?" అన్నాడు. దారిలో బజ్జీలు వేస్తున్న ఆవిడైతే పెట్టెలో కెమెరా ఉందనుకుని ఏకంగా పెళ్లి ఫొటోల రేటు అడిగింది. నా ఖర్మ!

మెట్లు బాగా నిటారు. పెట్టె సత్తిబాబే మోశాడు. అనుమతి ముందే తీసుకున్నాను కాబట్టి కొండ మీది గుడి పూజారి గారు బయటి లైట్లు ఆర్పించారు. ఏడింటికి ఉపగ్రహం ఐదు నిమిషాలే కనిపిస్తుందనీ, అంతసేపూ ఫోను కూడా వెలగకూడదనీ సత్తిబాబుకు పదేపదే చెప్పాను.

"ఆయ్, అలాగేనండి. అగ్గిపుల్ల కూడా గీయనండి."

ఉపగ్రహం వచ్చింది. వెలుగు తగ్గడానికి ఎర్ర కాగితం అంటించిన లాప్‌టాప్ తెర మీద అంకెలు కదిలాయి. ఊపిరి బిగపట్టి ఒక అడుగు వెనక్కి వేశాను. అంతే, భళ్లున తెల్లటి వెలుగు! సత్తిబాబు టార్చి.

"ఆర్పవయ్యా బాబూ!"

ఆర్పాడు. ఏం లాభం? టార్చి వెలుగంతా టెలిస్కోపు లోపలికి పోయింది. ఎవరో మధ్యలో చేయి పెట్టారనుకుని పరికరం తాళంచెవి మొత్తాన్నీ పారేసింది. ఉపగ్రహం దాని దారిన అది పోయింది.

"అంత చెప్పానుగా! ఏంటిది?" నాకు ఏడుపొచ్చేసింది.

"మీ వెనకాల ఏమీ లేదండి," అన్నాడు మెల్లగా. "ఇంకో అడుగేస్తే కిందే అండి. కేకేస్తే ఉలిక్కిపడతారని లైటేశానండి."

తిరిగి చూశాను. నిజమే.

కోపం ఇంకా తగ్గలేదు. ఏడాది పోయింది మరి, మా గైడు గారికి ఏం చెప్పను? నా పరికరానికి మధ్యలో వచ్చిన ప్రతివాడూ దొంగే. దానికి అంతకుమించి నేనేమీ నేర్పలేదు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, పొద్దుండగానే మీరు నిలబడే చోటు చుట్టూ తాడు కట్టుకోండి. మీరు పడబోతుంటే చీకట్లో చూస్తూ ఊరుకునే మనిషి ఇక్కడ మీకు దొరకడు.