మజ్జిగలో మందు

ఇది రాయడానికి కారణం ఒక్కటే. మానసిక వ్యాధుల మీద మా శాఖా గ్రంథాలయంలో దొరికినవన్నీ చదివాను. పదో తరగతితో బడి మానేసిన నాకు ఆ చదువంటే గర్వమే. ఆ పుస్తకాల్లో రోగుల కథలు చాలా ఉన్నాయి, చివర్లో ‘కోలుకున్నారు’ అని ఉంటుంది. కోలుకోవడానికి ఆ ఇంట్లోవాళ్లు ఏం చేశారో ఎవరూ రాయలేదు. మా ఇంట్లో చేసింది నాకు తెలుసు. మిగిలినవాళ్లు ఆ మాట ఎత్తరు.

మా మేనత్త, నాన్నకు చెల్లెలు, భర్త పోయాక మా దగ్గరే ఉండేది. పర్చూరు పక్కన మాకు పత్తి, మిరప. పత్తికి మందు కొట్టే రోజుల్లో ఒక సాయంత్రం కంచం ముందు కూర్చుని లేచిపోయింది.

“నా అన్నంలో మందు కలుపుతున్నారు వదినా,” అంది అమ్మతో.

“ఎవరే కలిపేది?” నాన్న పెరట్లోంచి కేకేశాడు. “పొద్దుటి నుంచి స్ప్రేయర్ మోసి వచ్చా. ఆ వాసన నా ఒంటిది.”

“నువ్వని అన్నానా? అన్నీ నీకే తగిలించుకుంటావేంటి?”

మా వైపు మందు అన్న మాటకు అర్థాలు ఎక్కువ. జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే. గిట్టనివాళ్లు మతి చెడగొట్టడానికి తిండిలో రహస్యంగా పెడతారని చెప్పుకునేదీ మందే. అందుకే అత్త మాట ఎవరికీ జబ్బులా వినిపించలేదు. పెట్టింది ఎవరా అని ఆలోచించారు. పక్కింటి నుంచి ఆమె అత్తవారి దాకా అందరినీ అనుమానించారు.

దర్శి అవతల మందు కక్కించే ఆయన దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన ఏదో ఆకు పసరు తాగించాడు. అత్త పేగులు బయటికొచ్చేలా కక్కింది. ఆయన పుల్లతో కెలికి నల్లటి ఉండ ఒకటి చూపించి, “ఇదిగో, పోయింది,” అన్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని, “చూశావా, నేను చెప్పలా?” అంది. ఆ గొంతులోని సంతోషం ఇప్పటికీ వినిపిస్తుంది. పూర్వం పాశ్చాత్య దేశాల్లో వైద్యులు కూడా పిచ్చికి వాంతి మందులిచ్చేవారని తర్వాత చదివాను. చదువుతున్నంతసేపూ ఆ నల్లటి ఉండే కళ్ల ముందు ఉంది.

కొన్నాళ్లు తిన్నది, మళ్లీ మానేసింది. దవడలు పీక్కుపోయాయి. చివరికి గుంటూరులో మానసిక వైద్యుడికి చూపించాం. ఆయన ఓపిగ్గా మాట్లాడి, మాత్రలు రాసి, ఆమెకు చెప్పే ఇవ్వమన్నాడు. ఇంటికి రాగానే అత్త వాటిని సైడు కాలవలో పారేసింది. మళ్లీ తెస్తే మళ్లీ పారేసింది. అందరికీ పోసే కుండలోది కాబట్టి మజ్జిగ మాత్రం తాగేది. ఒక మధ్యాహ్నం అమ్మ తలుపు దగ్గరగా వేసి, మాత్రను గరిటె వెనకతో నలిపి ఆమె గ్లాసులో కలిపింది. అల్లం, ఉప్పు ఎక్కువ వేసింది. అప్పట్నుంచి రోజూ అంతే.

అత్త నెమ్మదిగా తేరుకుంది. జడ వేసుకుంది. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు, “మా క్యారేజీ కూర తింటావా, అందులోనూ ఏమన్నా కలిపామంటావా?” అని ఆటపట్టిస్తే, “కలపడానికి ముందు అందులో కూర ఉండాలిగా,” అనేది.

ఒక ఆదివారం అమ్మ గ్లాసు అందిస్తుంటే నవ్వింది. “నాకు మతి లేదు వదినా. నువ్వు నాకు మందు పెడతావని ఎట్లా అనుకున్నానో. తలుచుకుంటే సిగ్గేస్తుంది.” తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. అమ్మ పొయ్యి దగ్గర అట్లాగే నిలబడిపోయింది. కూర అడుగంటింది.

ఎన్ని రుజువులు చూపినా చెదరని తప్పుడు నమ్మకాన్ని భ్రమ అంటారని అప్పటికే చదివి ఉన్నాను. అత్త అలా నమ్మినప్పుడు మేమేమీ కలపలేదు. ఆ నమ్మకం వదిలిన రోజున కలుపుతున్నాం. దీన్ని ఏమంటారో వెతికాను. ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

“చెప్పేస్తానే,” అంది అమ్మ నాతో.

“చెబితే మానేస్తుంది. మందు ఆపితే తిరగబెడుతుందని పుస్తకంలో ఉంది.”

“మజ్జిగ పోసేది నీ పుస్తకమా? పోసేది నేను. ఆ మొహం చూసేది నేను.”

మర్నాడు మాత్రల అట్ట, మజ్జిగ గ్లాసు రెండూ అత్త ముందు పెట్టింది. “ఇన్నాళ్లూ కలిపానమ్మాయ్. డాక్టరిచ్చినవే. నువ్వు మాకు దక్కాలని.”

అత్త ఏడవలేదు. అట్టను తిప్పి తిప్పి చూసింది. “అయితే నేను చెప్పింది నిజమే.”

“అప్పుడు కాదు. తర్వాత.”

“అప్పుడేదో తర్వాతేదో నాకెట్లా తెలియాలి వదినా?”

నీళ్లు తనే తెచ్చుకుని, మాత్ర తనే విప్పుకుని వేసుకుంది. ఇప్పటికీ అలాగే వేసుకుంటుంది. జబ్బు తిరగబెట్టలేదు. కానీ ఆ పూట నుంచే వసారాలో చిన్న పొయ్యి పెట్టుకుని వేరే వండుకుంటోంది. మాతో మాట్లాడుతుంది, నవ్వుతుంది, అమ్మకు కాళ్లు నొప్పులంటే నూనె రాస్తుంది. తినేటప్పుడు మాత్రం గోడ వైపు తిరిగి ప్రతి ముద్దనూ నాలుక మీద కాసేపు ఉంచుకుంటుంది. తను వండుకున్న అన్నాన్నే.

ఇంట్లోవాళ్లు పేర్లు రాయొద్దన్నారు కాబట్టి వరసలతోనే దణ్ణం పెడుతున్నాను. మూసే వేళ దాటినా నన్ను లేపని గ్రంథాలయం సారుకు, నా ప్రశ్నలకు విసుక్కోని డాక్టరు గారికి, అత్తను ఒక్కనాడూ వేరుగా కూర్చోబెట్టని తొడిమల పని ఆడవాళ్లకు, ఒక్క వాక్యమూ కొట్టెయ్యమనని అమ్మకు. “రాసుకో, కానీ నాకు చదివి వినిపించు,” అన్న అత్తకు. వినిపించాను. విని, ఎసట్లో గుప్పెడు బియ్యం ఎక్కువ పోసి నాకూ పెట్టింది. నేను తిన్నంతసేపూ నా మొహమే చూస్తూ కూర్చుంది.