నాగుపాము బుసకు చప్పట్లు కొట్టారు

2022 అక్టోబరు చివరి వారం. దుబాయ్‌లో సముద్రం ఒడ్డునున్న ఒక హోటల్ పచ్చికలో కాస్ట్యూమ్ ఫెస్టివల్, అంటే అందరూ వేషాలు వేసుకొచ్చే పండగ జరుగుతోంది. నాది నెల్లూరు దగ్గర పల్లె. ఇక్కడ ఈవెంట్ నర్సుగా పనిచేస్తాను. అంటే జనం గుమికూడే చోట తెల్ల టెంటు వేసుకుని, మందుల పెట్టె పక్కన పెట్టుకుని కూర్చోవడం నా పని. ఎక్కువగా కాలు బెణికినవాళ్లు, ఎండకు సొమ్మసిల్లినవాళ్లు వస్తుంటారు. ఆ రోజు తాగి వాంతులు చేసుకునేవాళ్లే వస్తారని తెలుసు కాబట్టి బకెట్లు ఎక్కువ తెప్పించుకున్నాను.

ఇరవై ఒకటి దాటినవాళ్లకే ప్రవేశం. చేతికి పట్టీ కట్టించుకుంటే బార్‌లో ఎంతైనా తాగొచ్చు. పొద్దు ఇంకా పూర్తిగా వాలకముందే ఒక దెయ్యం, ఇద్దరు ఈజిప్టు రాజులు, పెళ్లిగౌను తొడుక్కున్న ఒక గడ్డపాయన ఒకరి భుజాల మీద ఒకరు పడి ఊగుతున్నారు. అందరూ ఆఫీసుల్లో టై కట్టుకుని తిరిగే పెద్దమనుషులే. సరదా చేసుకుంటే చేసుకోనీ, నాదేం పోయింది? కానీ ఒళ్లు తెలియని సరదాను చూస్తే మాత్రం నాకు భయం. పక్కన మనిషి పడిపోయినా అందులో ఎవరికీ పట్టదు.

ఫెస్టివల్‌కు ముఖ్య ఆకర్షణ బాడీ పెయింటింగ్ పోటీ. మనిషి ఒంటినే గోడలా చేసుకుని బొమ్మ వేయడమన్నమాట. ఈ దేశంలో ఒంటి మీద బట్ట లేకుండా కుదరదు గనక మోడళ్లు ఈతదుస్తుల్లాంటివి వేసుకుంటారు. వీపు, చేతులు, మెడ, ముఖం మాత్రం పెయింటర్‌వే. ఒక్కో బొమ్మకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడుతుంది.

మధ్యాహ్నం ఇద్దరమ్మాయిలు నా టెంటులో కూలర్ ముందుకొచ్చి నిలబడ్డారు. నా ఫోన్ సంభాషణలో తెలుగు వినబడిందట. పెయింటర్ పేరు షాహినా, ప్రొద్దుటూరు మనిషి. ఇక్కడి కరామా పేటలో ఒక సెలూన్‌లో మెహందీ పెడుతుంది. మోడల్ అనిత, జగిత్యాల అమ్మాయి, అదే సెలూన్‌లో హెల్పర్. ఇద్దరివీ ఒకే గదిలో పైమంచం, కిందిమంచం. అనిత ముఖం నుంచి నడుము దాకా నల్లటి పొలుసులు. వీపు మీద విప్పిన పడగ. అంత నిగనిగలాడే నలుపు నేనెక్కడా చూడలేదు.

"కూర్చోమ్మా, ఎంతసేపని నిలబడతావు?" అన్నాను.

"కూసుంటే పొలుసులు చెరిగిపోతయట అక్కా. పొద్దుగాల్నుంచి గిట్లనే నిలబడ్డ. పాముకు కాళ్లుండవు గదా, నాకెందుకో ఉన్నయి," అని నవ్వింది.

షాహినా నవ్వలేదు. "ఈసారి గెలిస్తేనే వీసా మళ్లా కొట్టిస్తానన్యాడుక్కా మా ముదీర్. లేకుంటే ఖలాస్. మా ఆయనకు కరోనా కాడ్నించి పని ల్యా. ఇంటికాడ అంతా నా మీదనే," అంది. ముదీరంటే వాళ్ల సెలూన్ మేనేజరు. ఆయన కాస్త దూరంలో నిలబడి పొలుసులను ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటున్నాడు.

పొద్దు వాలింది. మోడళ్లు వరసగా వేదిక ఎక్కారు. అనిత వంతొచ్చింది. రెండు చేతులు పడగలా ఎత్తి, నడుము తిప్పుతూ నడిచింది. ఉన్నట్టుండి ఆమె గొంతులోంచి బుస వినబడింది. జనం ఈలలు వేశారు. మళ్లీ బుస. పెళ్లిగౌను ఆయన గ్లాసు పైకెత్తి "మోర్, మోర్!" అని అరిచాడు. చప్పట్లు మారుమోగాయి.

అది బుస కాదు. దాన్ని స్ట్రైడర్ అంటారు, వాచిన గొంతులోంచి గాలి లోపలికి ఈడ్చుకుంటూ పోయే చప్పుడు. వార్డుల్లో ఇన్నేళ్లు పనిచేసిన చెవికి అది తెలియకుండా పోదు. పెట్టె పట్టుకుని పరుగెత్తాను. నేను వేదిక ఎక్కేలోపే అనిత మోకాళ్ల మీద కూలబడింది. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. అది కూడా ఆటలో భాగమేననుకున్నారు పాపం, కాదు, పాపం కూడా కాదు, వాళ్ల మొహాలు మండ!

మా పనిలో ముందు చూసేది రంగే. పెదవులు నీలమయ్యాయా, చర్మం ఎర్రగా దద్దుర్లేసిందా, పాలిపోయిందా అనేది కంటికి కనబడాలి. ఇక్కడ కనబడేది అంతా నలుపే. గోళ్లకూ రంగేశారు, వేలికి తగిలించే ఆక్సీమీటర్ అంకె చూపించదు. కింది పెదవి లాగి లోపల చూశాను. నీలం. అనఫైలాక్సిస్, అంటే ఒంటికి పడనిది తగిలి గొంతు పూడుకుపోయే ప్రమాదం. తొడకు అడ్రినలిన్ సూది పొడిచి, ఆక్సిజన్ మాస్కు పెట్టి, అంబులెన్సును పిలిచాను. వీపు తడిబట్టతో తుడిస్తే నలుపు పోలేదు. మామూలు బాడీ పెయింటైతే నీళ్లకే కారిపోవాలి.

"షాహినా, ఇందులో ఏం కలిపినావు?"

"ఏం కలపల్యాక్కా."

"అబద్ధమాడబాక. పిల్ల పోతాది."

ఆమె ముదీర్ వైపు చూసింది. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. మలయాళీ, తెలుగు రాదు. షాహినా నా చెవి దగ్గరకు వంగింది. "తలకేసే నల్లరంగు పొడి కలిపినాక్కా. చెమటకు కారిపోకుండా. పెండ్లికూతుర్ల చేతులకు ఎన్నిసార్లు పెట్టినా, ఎవురికీ ఏం కాల్యా. ఇంగ్లీష్‌లో చెప్పద్దుక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ పొడి వాడకూడదని మునిసిపాలిటీ రూలుంది. నన్ను పంపిచ్చేస్తారు."

రంగు తొందరగా ఎక్కాలని, నల్లగా పండాలని మెహందీలో ఆ పొడి కలపడం ఇక్కడ చాలామందికి అలవాటే. అరచేతికి పెట్టినప్పుడు తప్పించుకున్న ప్రమాదం వీపంతా పూసేసరికి వచ్చి మీద పడింది.

అంబులెన్సువాళ్లు వచ్చారు. ఏం తగిలిందో వాళ్లకు తెలియాలి. రంగు నీళ్లతో పోదని, వాపు ఇంకా పెరగొచ్చని, చర్మం కాలిపోవచ్చని ఆసుపత్రికి ముందే చెప్పాలి. వాళ్లకు వచ్చింది ఇంగ్లీషే. నేను ఇంగ్లీషులోనే, ఆ గోలలో వినబడాలని గట్టిగా, అందరూ వినేటట్టు చెప్పాను. ముదీర్ విన్నాడు. షాహినా చేతిలో ఉన్న కుంచెను చున్నీ అంచుకు తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయింది. స్ట్రెచర్ వెళ్తుంటే జనం దారి ఇచ్చి మళ్లీ చప్పట్లు కొట్టారు.

అనిత బతికింది. కొన్ని రోజులు ఐసీయూలో ఉంది. సెలూన్‌కు జరిమానా పడింది. షాహినా వీసా రద్దు చేసి విమానం ఎక్కించేశారు.

తరవాత ఒక సాయంత్రం అనిత ఫోన్ చేసింది. కృతజ్ఞతలు చెబుతుందేమోననుకున్నాను.

"రంగు పోయిందక్కా, పొలుసులు పోలే. కాలిన మచ్చలు అట్లనే పొలుసుల లెక్క ఉన్నయి. అద్దంల చూస్కుంటే భయమైతుంది," అంది. "షాహినక్క నా మీద గీ పాము ఏసినందుకు నాకు కోపం లేదు. రోజూ అన్నం కలిపి పెట్టింది నాకు. ఆమె నీ చెవుల చెప్పింది గదక్కా. మెల్లగ డాక్టరొక్కనికే ఎందుకు చెప్పకపోతివి?"

"టైం లేదమ్మా," అన్నాను. ఆ సమాధానం నిజమే. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. మళ్లీ అలాంటి క్షణమే వస్తే మళ్లీ గట్టిగానే చెప్తాను, అందులో నాకు అనుమానం లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఆ కేసు నా పని పద్ధతినే మార్చింది. ఇప్పుడు ఇలాంటి పోటీ ఎక్కడున్నా పొద్దున్నే పెయింటర్ల గదికి వెళ్తాను. ముదీర్లను బయటకు పంపి తలుపు వేస్తాను. తెలుగులో, హిందీలో, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కొక్కరినీ అడుగుతాను, ఏం కలిపారని. నాకు ఇప్పుడే చెప్తే ఎవరికీ చెప్పనని మాటిస్తాను. కొందరు చిరాకు పడతారు. ఒకరిద్దరు మాత్రం గిన్నె తీసుకెళ్లి సింకులో పారబోసి వస్తారు.

షాహినాను ఆ గదిలో అలా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆమె కూడా ఆ గిన్నె కడిగేసి మామూలు నలుపే వేసేది. పాము చెమటకు కాస్త కారేది, అంతే.