రెండు మంచి మాటలు

సూర్యాపేటలో మా వారపత్రికకు ఒక మేడం సినిమా సమీక్షలు రాసేవారు. మా వైపు ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆవిడే. కోదాడైనా, మిర్యాలగూడైనా బస్సెక్కి వెళ్ళి, తన టికెట్ తనే కొనుక్కుని మొదటి ఆట చూసేవారు. గేటు దగ్గర "సారు రాలేదా మేడం?" అని అడిగితే, "సారుకు సినిమాల సంగతి తెల్వది" అనేవారు.

ఒకసారి మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని కొడుకు హీరో అయ్యాడు. మా పత్రికలో సగం ప్రకటనలు ఆ మిల్లువే. "జర రెండు మంచి మాటలు రాయుండ్రి మేడం," అని ఎడిటర్ బతిమాలాడు. ఆ వారం ఆవిడ సమీక్షలో సరిగ్గా రెండే మాటలున్నాయి: "ఇంటర్వెల్ బాగుంది."

మర్నాడే యజమాని ఆఫీసుకొచ్చి మండిపడ్డాడు. "మా పోరడు రెండేండ్లు కష్టపడ్డడు, తెలుసా?"

"నేను రెండున్నర గంటలు కష్టపడ్డ సార్," అన్నారు మేడం.

ఆవిడ ఏళ్ళ తరబడి నడిపిన శీర్షికను ఎడిటర్ నాకిచ్చేశాడు. నేను అదే సినిమాను ఆకాశానికెత్తుతూ మళ్ళీ రాశాను. పత్రిక వచ్చిన రోజే మేడం ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను.

"సినిమా సూసినవా?" అని మెల్లగా అడిగారు.

"లేదు మేడం."

"అనుకున్న. సూసినోళ్ళు ఎవ్వరూ గింత మంచిగ రాయలేరు."